వదిన వద్దన్న ఎత్తు

ప్రొఫెసరమ్మకు రెండు పిచ్చులు. ఒకటి చదరంగం: పెళ్ళికి ముందే మాస్టర్ బిరుదు తెచ్చుకుంది. రెండోది మనుషుల బుర్రలు: కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, పేరున్న ఆటగాళ్ళను తన గదికి పిలిచి, బల్ల ముందు కూర్చోబెట్టి, "ఎత్తు తర్వాత వేద్దురుగాని. ముందు మనసులో ఏం తిరుగుతోందో పైకి అనండి" అనేది. వాళ్ళు గొణిగిందంతా రికార్డు చేసుకుని వినేది. వినగా వినగా ఒకటి తేలింది. ఆటలో తలపండినవాడు ఎక్కువ ఎత్తులు చూడడు. మూడో నాలుగో చూస్తాడు. మిగతావి అతని కంటికే ఆనవు.

ఆ మాట ఆడపడుచు చెవిన పడింది. అంతే, ఇంట్లో నెమ్మది పోయింది.

ఆడపడుచు కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. పిట్టంత మనిషి, క్షణం నోరు మూతపడదు. ఇంటిల్లిపాదీ పిచ్చుక అనే పిలుస్తారు. చదరంగమాడే ప్రోగ్రాము ఒకటి రాసింది కానీ, అది లక్షల ఎత్తులు తిరగేసి తిరగేసి, చివరికి కాలేజీ పిల్లల చేతిలో చిత్తయ్యేది.

"గుడ్డెద్దు చేలో పడ్డట్టుందే నీ యంత్రం," అంది ప్రొఫెసరమ్మ ఒకసారి దాని ఆట చూసి. "ఏం చూడాలో కాదు, ఏం చూడక్కర్లేదో నేర్పు దానికి."

"నాకు తెలిస్తేగా నేర్పడానికి! నువ్వు చెప్పు వదినా, నేను రాస్తా. తప్పొస్తే నీ మీదికి తోసేస్తా."

"ఆడపడుచువి, ఎలాగూ తోస్తావు. కూర్చో."

భోజనాల బల్ల వాళ్ళ వశమైపోయింది. ఇంటాయన కంచం ఒళ్ళో పెట్టుకుని తినడం అలవాటు చేసుకున్నాడు. మొదటి ప్రయత్నంలో, పనికిరాని ఎత్తులు వదిలెయ్యమంటే, యంత్రం తన మంత్రి పోతోందన్న సంగతి కూడా వదిలేసింది. పిచ్చుక జుట్టు పీక్కుంది. ప్రొఫెసరమ్మ మాత్రం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "పర్వాలేదే, మనిషిలాగే ఉంది" అంది. వర్షాలు వెలిసేనాటికి ఆ యంత్రం కాలేజీ పిల్లల్ని మూడు చెరువుల నీళ్ళు తాగించసాగింది.

అప్పుడు నగర ఛాంపియన్‌ను పిలిచారు. ఆయన వృత్తికి లాయరు. పెట్టెతో ఆటేమిటని నవ్వాడు గానీ, కాదనలేదు. "యంత్రం మొరాయిస్తే ఒక్కసారి ఆపి మళ్ళీ ఆలోచింపజేసుకోండి. ఆమాత్రం వాయిదా ఇస్తాను లెండి," అన్నాడు దర్జాగా.

కాలేజీ హాలు కిటకిటలాడింది. తెర మీద వచ్చిన ఎత్తు చదవడం పిచ్చుక పని, బల్ల మీద పావు కదపడం ప్రొఫెసరమ్మ పని. మొదటి గంట ఆట సాఫీగా సాగింది. లాయరు గారు కుర్చీలో వెనక్కి వాలి, తన రాజును మూలకు చేర్చి, చుట్టూ బంట్ల కోట కట్టుకున్నాడు.

ఉన్నట్టుండి పిచ్చుక తెర మీది ఎత్తును రెండోసారి చదువుకుంది. "వదినా... గుర్రాన్ని ఆ బంట్ల ముందు పెట్టమంటోంది."

ప్రొఫెసరమ్మ ఆ గడి వంక చూసింది. అక్కడ పెడితే గుర్రాన్ని బంటు తినేస్తుంది. ఉత్త పుణ్యానికి గుర్రం పోతుంది. ఇలాంటి వాటిని మొదటే వదిలెయ్యాలని నేర్పింది తనే కదా!

"పాడైందా?"

"ఏమో! ఆపి మళ్ళీ మొదలుపెట్టనా? వాయిదా ఉందిగా," అంది పిచ్చుక, వేలు మీట మీద పెట్టి.

"ఆగు."

ఆపెయ్యి అనబోయినదే. కానీ ఆ ఎత్తును తను చూడకుండానే కొట్టిపారేసిందని ఆమెకు తట్టింది. పోతే పోనీ, ఇన్నాళ్ళూ అందరినీ అడిగింది ఇవాళ తను చేస్తే? పెదవులు కదిలీ కదలనట్టు పైకి అనుకోవడం మొదలుపెట్టింది. "బంటు తింటుంది. సరే. మంత్రి వచ్చి చెక్ చెబుతుంది. రాజు పక్కకి జరుగుతాడు. తర్వాత... ఏనుగు? ఊహూఁ. బంటు! ఈ చివరనున్న బంటు ఒక గడి ముందుకి..." రాజుకు దారి మూసుకుపోతోంది!

"మీట మీంచి చెయ్యి తియ్యవే!" అని గట్టిగానే అరిచి, గుర్రాన్నెత్తి ఠక్కున పెట్టింది.

లాయరు గారు నవ్వుతూ గుర్రాన్ని తినేశాడు. మంత్రి వచ్చింది. రాజు జరిగాడు. ఇప్పుడు ఏ ఎత్తు వస్తుందోనని ప్రొఫెసరమ్మ తెర వైపు తిరిగింది.

"బంటు వదినా! చివరి బంటు!" పిచ్చుక కూత హాలంతా మోగింది.

లాయరు గారి నవ్వు ఆరిపోయింది. వెనక్కి వాలినవాడు బల్ల మీదికి వంగాడు. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. చాలాసేపటికి తన రాజును తనే పడుకోబెట్టి, "ఇదెక్కడి దెబ్బండీ బాబూ!" అన్నాడు. హాలు దద్దరిల్లింది.

ఆ గోలలోనే ప్రొఫెసరమ్మ ఆడపడుచు జబ్బ పట్టుకుంది. "నిజం చెప్పు. నేను చెప్పినట్టే రాసుంటే ఆ ఎత్తు దానికి కనపడకూడదు."

పిచ్చుక నాలిక కరుచుకుంది. "అది... అవతలి రాజు చుట్టూ మన పావులు గుమిగూడితే, నువ్వు వద్దన్న ఎత్తుల్ని ఇంకోసారి చూసుకోమని ఒక ముక్క చేర్చా. నువ్వు ఒంటికాలి మీద లేస్తావని చెప్పలేదు. ఇందాక ఆ ముక్కే కొంప ముంచిందనుకున్నా. కోపమా?"

"కోపమా! బంగారుతల్లీ, మనుషులూ చేసేది అదేనేమో! రేపట్నుంచి అందరినీ మళ్ళీ కూర్చోబెట్టాలి. వదిలేసినదాని దగ్గరికి మళ్ళీ ఎప్పుడు వెళ్తారు, ఎందుకు వెళ్తారు, అదడగాలి. నేనెప్పుడూ అడగనే లేదు!"

"ముందు నన్నడగండి," అన్నాడు లాయరు గారు, అప్పటికే పావులు వెనక్కి సర్దుతూ. "నేనెక్కడ తప్పు చేశానో నాకు తెలియాలి. ఇంకో ఆట పెట్టండి."

"మీరు లేవండి సార్," అంది ప్రొఫెసరమ్మ, ఆయన కుర్చీ వీపు పట్టుకుని. యంత్రం లోపలున్నదంతా తనకు తెలుసుగదా అని, దానితో ఆమె ఇంతవరకూ ఒక్క ఆటైనా మనసుపెట్టి ఆడలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుని, తెల్ల బంటును రెండు గడులు ముందుకు జరిపింది.

"కానివ్వవే పిచ్చుకా. ఏమంటుందో చదువు."