ఉత్తుత్తి సభ

మిరప రెండో కోత. పొద్దు నడినెత్తికి రాకముందే ఆదెమ్మ వేళ్లు భగభగ మండుతున్నాయి. ముక్కుకు కట్టుకున్న గుడ్డను దాటుకుని ఘాటు గొంతులోకి దిగుతోంది. సాలు సగం కూడా కాలేదు, ఇంతలో మేస్త్రి సుబ్బరావమ్మ గట్టు మీద నిలబడి, కోసింది చాలు, గోతాలు అక్కడే వదిలేసి అందరూ ట్రాక్టర్ ఎక్కండని కేకేసింది.

ఆదెమ్మ నడుము నిలబెట్టి ఆకాశం వంక చూసింది. వానొస్తే తప్ప కోత మధ్యలో ఆపరు. పైన మబ్బు తునక లేదు.

"యాడికక్కా?"

"లక్ష్మీకాంత్ గారి ఫంక్షన్ హాలుకి. ఏందో మీటింగంట. పొద్దు గూకేదాకా కూర్చుంటే చాలు. కూలి మూడొందల యాభై మామూలే. బిర్యానీ కూడా పెడతారు."

"పని చెయ్యకుండానా?"

"కూర్చోటం కూడా పనేలే. ఎక్కవే తల్లీ."

ఆ చేను లక్ష్మీకాంత్‌దే. దర్శి రోడ్డు మీద కొత్తగా కట్టిన కోల్డ్ స్టోరేజీ కూడా ఆయనదే. కోతలైపోయాక ఎండాకాలం అంతా తొడిమలు తీసే పని దొరికేది అక్కడే. మనిషి చెడ్డవాడని ఎవరూ అనరు గాని, ఊరికే పెట్టే చెయ్యి కాదు. కిందటేడు కోతల్లో ఒక మధ్యాహ్నం అందరికీ చల్లటి మజ్జిగ పోయించాడు. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా చేను వదల్లేదు ఆడవాళ్లు. అలాంటివాడు కోత ఆపించి బిర్యానీ పెడుతున్నాడంటే, ఆ బిర్యానీ ఎవరి కుండలోంచి తీసినదో చూసుకోవాలి అనుకుంది ఆదెమ్మ.

ట్రాలీలో మాటలకు కొదవ లేదు. ఎలక్షన్లేమోనని ఒకామె అంది. ఇప్పుడెక్కడి ఎలక్షన్లని ఇంకొకామె నవ్వింది. బిర్యానీ ఉందంటే ఓట్లు ఉన్నట్టేనని వెనకనించి మరొకామె. ఆదెమ్మ కోడలు ఆరాధన ఇంటర్ దాకా చదివిన పిల్ల. ఏ మీటింగో కనుక్కుందామని మేస్త్రిని రెండుసార్లు అడిగింది. సుబ్బరావమ్మకు కూడా తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక, పెద్దపెద్దోళ్లు వస్తున్నారంట అని ఊరుకుంది.

ట్రాక్టర్ పల్లె ముందుకొచ్చి, రోడ్డు మధ్య డివైడర్లో ఉన్న సందులోంచి ఇటువైపుకి దాటింది. ఆ సందు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పల్లె పల్లెంతా గ్రానైట్ లారీలకు అడ్డంగా కూర్చుంటే వదిలిన జాగా. పల్లె ఇటు, చేలు అటు. ఆదెమ్మ కౌలుకు చేసే రెండెకరాలు సరిగ్గా సందుకు ఎదురుగానే ఉన్నాయి. పెనిమిటి జక్రయ్య ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి. ఆ సందు దగ్గర కాబట్టే రోజూ నీళ్లు పెట్టడానికి చేలోకి పోయి రాగలుగుతున్నాడు. అది మూసేస్తే మైలు దూరం పోయి తిరిగి రావాలి. అంటే ఆ కౌలు వాళ్లకు లేనట్టే.

మూస్తారన్న మాట దీపావళి నించీ వినపడుతూనే ఉంది. కోల్డ్ స్టోరేజీ గేటుకు ఎదురుగా సందు కావాలని లక్ష్మీకాంత్ తిరుగుతున్నాడు. అంత దగ్గరలో రెండు సందులు ఇవ్వరట. ఆయనకు ఒకటి తెరవాలంటే పల్లెది పూడాలి.

ఫంక్షన్ హాల్లో ఏసీ వేసి ఉంది. ముందు వరసల్లో మెడలో కార్డులు వేసుకున్న మనుషులు యాభైమంది దాకా కూర్చుని ఉన్నారు. కూలీలు లోపలికి వచ్చి కూర్చోగానే వాళ్ల చీరలకంటిన మిరప దుమ్ము చల్లగాలికి లేచింది. ముందు ఒకాయన తుమ్మాడు. తర్వాత ఇద్దరు. తర్వాత వరసంతా. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. వేదిక పక్కన గోడకు కట్టిన బ్యానరును ఆరాధన మెల్లగా చదివి వినిపించింది. రవాణా ప్రణాళికా నిపుణుల సంఘం, వృత్తి శిక్షణ శిబిరం.

సంఘం కార్యదర్శి జ్యోతిర్మయి మైకు తీసుకుంది. నలభై ఏళ్లుంటాయి, నూలు చీర, మెత్తటి మాట. రోడ్లు ఎటు పోవాలి, బస్సులు ఎక్కడ ఆగాలి అని ఆలోచించే చదువు తమదని చెప్పింది. ఏడాదికోసారి పెద్ద సభ పెట్టుకుంటామని, మంచి పనులకు బహుమతులిస్తామని, కుర్రవాళ్లకు పాఠాలు చెబుతామని చెప్పింది. ఈ ఏడు పాఠం, రోడ్డు మార్చేముందు అక్కడి జనాన్ని ఎలా అడగాలి అన్నది. అందుకని ఇవాళ ఉత్తుత్తి సభ. నిజంది కాదు. మీరు జనం, మా పిల్లలు అధికారులు అంది.

"అడగటం కూడా చదువుకోవాలంటనే," అంది సుబ్బరావమ్మ ఆదెమ్మ చెవిలో.

"చదువుకోకబట్టే ఇన్నాళ్లూ అడగలా," అంది ఆదెమ్మ.

బ్యానరుకు ఎదురుగా, అవతలి గోడకున్న తెర మీద బొమ్మ పడింది. ఆకాశంలోంచి తీసిన ఫొటో. మొదట అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. తర్వాత ఆదెమ్మకు కల్లాలు కనపడ్డాయి, ఎండబోసిన కాయలతో ఎర్రగా, పుండ్ల మాదిరి. వాటి పక్కన తెల్లగా చర్చి కప్పు. కప్పుకు ఇటు రోడ్డు, రోడ్డు మధ్య సందు. ఆ సందు మీద గుణకారం గుర్తు. దిగువన కోల్డ్ స్టోరేజీ దగ్గర సున్నా.

"అత్తా, మన పల్లె," అంది ఆరాధన.

ఆదెమ్మ ఒళ్లోకి ఒక అట్టముక్క వచ్చి పడింది. ఆకుపచ్చది. కూలీలందరికీ ఆకుపచ్చవే. ఎర్రవి మాత్రం పక్క వరసలో కూర్చున్న కాలేజీ పిల్లల చేతుల్లో ఉన్నాయి. వాళ్లు మెడల్లో మడత విప్పని కొత్త తువ్వాళ్లు వేసుకుని ఉన్నారు.

జ్యోతిర్మయి దగ్గరకు రాగానే ఆదెమ్మ ఆపింది.

"అమ్మా, నిజం సభ కాదంటన్నారు. మరి బొమ్మలో మా రోడ్డెందుకుంది?"

"నిజంగా ఉన్న చోటైతే పిల్లలకి బాగా అర్థమవుతుందని అమ్మా. రోడ్డు మార్చే అధికారం మా సంఘానికి లేదు. అలాంటిది ఏదైనా ఉంటే ప్రభుత్వం వాళ్లు ముందుగా చెప్పి, మీ ఊళ్లోనే సభ పెడతారు. ఇక్కడి ఫొటోలూ, హాలూ, భోజనాలూ అన్నీ లక్ష్మీకాంత్ గారే చూసుకున్నారు."

"ఈ పచ్చదేందమ్మా?"

"సందు మారిస్తే సరే అనేవాళ్లు అది ఎత్తుతారు. ఎర్రది వద్దనేవాళ్లకి."

"అయితే నాకు ఎర్రది ఇప్పించండి."

జ్యోతిర్మయి కాస్త ఇబ్బంది పడింది. వద్దనేవాళ్ల వేషం పిల్లలకిచ్చామంది. లేచి మాట్లాడాలి కదా, మీకు మొహమాటంగా ఉంటుందని లక్ష్మీకాంత్ గారన్నారు అంది. ఆమె కళ్లల్లోకి చూసింది ఆదెమ్మ. అబద్ధం చెప్పే కళ్లు కావు. కానీ మంచి మనిషి చేతికి కత్తెర ఇచ్చి ఎవరి తీగైనా తెంపించుకోవచ్చు. ఆమెకు తెలియనైనా తెలియదు.

తువ్వాలు వేసుకున్న పిల్లాడొకడు లేచాడు. "అయ్యా, మా పొలాలు అటు, మా ఇళ్లు ఇటు. దారి మూస్తే మేమెట్టా బతకాలయ్యా," అని నాటకంలో మాదిరి సాగదీశాడు. ముసలివాడిలా నడుము వంచి, ఒక కాలు ఈడుస్తూ నాలుగడుగులు వేశాడు. తర్వాతి మాట గుర్తురాక తనే నవ్వేసి కూర్చున్నాడు. ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. కూలీలు కూడా నవ్వారు. ఆదెమ్మ కూడా నవ్వబోయింది. వాడు కాలు ఈడ్చిన తీరు మళ్లీ కళ్ల ముందుకొచ్చి పెదవి బిగిసింది. అది ఆమె చెప్పుకోవాల్సిన మాట. ఆమె కళ్ల ముందే ఒకడు దాన్ని వేషం కట్టి, మర్చిపోయి, కూర్చున్నాడు.

అప్పుడు వచ్చాడు లక్ష్మీకాంత్, వీడియో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని. అటు కాదు ఇటు నిలబడమని చేత్తో చూపించాడు. వీడియోవాడు జరిగి జరిగి వేదిక పక్కన, బ్యానరుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"అత్తా," అంది ఆరాధన గొంతు తగ్గించి. "అక్కణ్ణించి తీస్తే మనమూ, తెర మీద బొమ్మా పడతాయి. బ్యానరు పడదు. ఇది ట్రైనింగని ఎవరికి తెలుస్తది?"

"వెలుతురు కోసమేమోలే," అంది సుబ్బరావమ్మ. అన్నదే గాని, ఆమె కూడా వీడియోవాడి వంక రెండోసారి చూసింది.

అధికారి వేషంలో ఉన్న అమ్మాయి మైకులో, సందు మార్చడం సమ్మతమైనవాళ్లు అట్టలు ఎత్తండని అడిగింది. రోజూ మేస్త్రి హాజరు వేసేటప్పుడు ఎత్తే చేతులే కాబట్టి అలవాటుగా లేచాయి. హాలు వెనక సగం పచ్చబడింది. ఆ పచ్చదనం మధ్య ఆదెమ్మ కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. అట్ట ఆమె కాళ్ల దగ్గర నేల మీద ఉంది.

సుబ్బరావమ్మ మోచేత్తో పొడిచింది. "ఎత్తవే. ఎండాకాలం తొడిమల పని వద్దా?"

లక్ష్మీకాంత్ దగ్గరికొచ్చి నవ్వుతూ వంగాడు. "ఏం ఆదెమ్మా, నీకేం పోయింది? ప్రాక్టీసే గదా."

"ప్రాక్టీసేగా అయ్యా," అంది ఆదెమ్మ, కూర్చున్నచోటు నించి కదలకుండా. "మీ ముందు కాదని చెప్పటం నాకూ అలవాటు లేదు. నేనూ ప్రాక్టీసు చేస్తన్నా."

ఆయన నవ్వు చెదరలేదు గాని, నడుము నిటారుగా లేచింది. వీడియోవాడు కెమెరా దించి, ఆ పెద్దమ్మను కొంచెం పక్కకు జరపండి, మధ్యలో బాగోలేదన్నాడు. ఎవరూ జరపలేదు. ఆమె జరగలేదు. ముందు వరసల్లో తలలు ఒక్కొక్కటీ వెనక్కి తిరిగాయి. ఎత్తిన అట్టలు ఎత్తినట్టే ఉన్నాయి.

జ్యోతిర్మయి మైకు అందుకుని ఏదో చెప్పబోయింది. కెమెరా ఉన్న చోటు చూసింది. దాని వెనక, ఎవరికీ కనపడకుండా పోతున్న తన సంఘం పేరు చూసింది. మైకులోంచి ఆమె ఊపిరి మాత్రమే హాలంతా వినిపించింది.

అందరితోపాటు పచ్చ అట్ట ఎత్తిన ఆరాధన చెయ్యి భుజం దాకా దిగి, అక్కడే ఆగి ఉంది.