నాలుగు మూరల తాడు

“ఆ కాయితం మీద సంతకం పెట్టీసి అన్నం వడ్డించు,” అన్నారు మా ఆయన.

రెండు పనులూ ఒక్క ఊపిరిలో చెప్పారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చొక్కా మేకుకు తగిలించి, బల్ల ముందు కూర్చుని ఆ కాగితం రాశారు. అంతసేపూ నేను వంటింట్లో గంజి వారుస్తున్నాను. ఆయన దస్తూరీ చాలా బాగుంటుంది. ఆయన పనిచేసే ఆశ్రమ పాఠశాలలో టైటస్ మేస్టారి దస్తూరీ చూపించి మిగతా మేస్టర్లని ఇన్‌స్పెక్టర్లు సిగ్గుపరుస్తారట. ఆ మాట పెళ్ళయిన కొత్తలో ఆయనే నాకు చెప్పారు. తర్వాత మా అత్తగారు వరమ్మ కూడా చెప్పింది. ఊళ్ళో వాళ్ళు చెప్పడం మాత్రం నేనింకా వినలేదు.

చెయ్యి తుడుచుకుని కాగితం తీసుకున్నాను. దిగువ పనసపుట్టు గ్రామానికి చెందిన బేబి అను మూడు సంవత్సరముల బాలిక మా అంగన్‌వాడీ కేంద్రం పరిధిలోనిది కాదనియు, ఆమె పేరు మా రిజిస్టరులో లేదనియు, సదరు బాలిక మరణముతో మా కేంద్రమునకు ఎట్టి సంబంధము లేదనియు తెలియజేయడమైనది. కింద నా పేరు. సుజానా, అంగన్‌వాడీ కార్యకర్త, ఎగువ పనసపుట్టు. పేరు మీద సంతకానికి రెండు వేళ్ళ మందం ఖాళీ వదిలారు.

పరిధిలోనిది కాదన్నది నిజమే, రిజిస్టరులో పేరు లేదన్నదీ నిజమే. తప్పు పట్టడానికి ఒక్క అక్షరం దొరకలేదు. మనిషిని లేకుండా చెయ్యడానికి అబద్ధం కూడా అక్కర్లేదని అప్పుడే తెలిసింది నాకు.

మా ఊరికీ దిగువ ఊరికీ మధ్య ఒక గెడ్డ పారుతుంది. వాన లేనప్పుడు రాళ్ళ మీద కాలు పెట్టి దాటొచ్చు. అవతల ఇరవై గడపలు. ఇరవై గడపలకి కేంద్రం ఇవ్వరు, జనం చాలరు. ఎంతమంది పిల్లలుంటే వాళ్ళు పిల్లలవుతారో పైవాళ్ళకే తెలియాలి. నా కేంద్రం ఇవతల ఊరి చివర, గెడ్డ దారి మీదే ఉంది. ఒక గది, ఒక అరుగు. ఆయా పోస్టు రెండేళ్ళుగా ఖాళీ. ఊడవడం, వండడం, తినిపించడం, కడగడం, పాట చెప్పడం, తూకం వెయ్యడం అన్నీ నేనే. పోలియో చుక్కల మందుకి నేనే, ఇంటింటి సర్వేకి నేనే, ఎవరో పెద్దాయన వస్తే సభలో కుర్చీలు నింపడానికీ నేనే. ఏ పనికి మనిషి దొరక్కపోయినా ప్రభుత్వానికి నేను దొరుకుతాను. ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. జీతం అంటే ఉద్యోగం చేస్తున్నట్టు ఒప్పుకోవాలి కదా. ఆ గౌరవం మా ఇంటిదాకా కూడా రాలేదు. “నీదేటి ఉద్దోగం? గుంటల ముడ్లు కడగడం,” అని మా ఆయన నవ్వుతూనే అంటారు. నవ్వుతూ అన్నదానికి కోపం తెచ్చుకుంటే నాదే తప్పవుతుంది.

ఏడాది కిందట ఒక సాయంత్రం ఆయన పేపరు పట్టుకుని సంబరంగా వచ్చారు. చదువు ఇక మీదట పిల్లల హక్కు అట, చట్టాల్లోకెల్లా పెద్ద చట్టంలోనే రాశారట, ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా. గట్టిగా చదివి వినిపించారు. నేను పప్పు ఎసట్లో వేస్తూ అడిగాను, “మరి ఆరేళ్ళ లోపు గుంటలో?” అని.

“ఆళ్ళకేటి సదువు? తల్లి ఉంది కదా.”

తల్లి ఉంది కదా. నిజమే, ఉంది. ఎక్కడుంది? సూర్యుడు కొండ మీదికి రాకముందే బుట్ట నెత్తిన పెట్టుకుని కాఫీ తోటలోనో, కొండ మీద పోడు చేలోనో ఉంది. అప్పుడే అడగాల్సింది. పప్పు పొంగిపోతుందని మూత తీస్తూ ఉండిపోయాను.

పోయిన జూన్‌లో ఆయన ఊరూరూ తిరిగి ఆరేళ్ళు నిండిన పిల్లల్నందరినీ హాస్టల్లో చేర్చారు. మంచి పని, కాదనను. దిగువ ఊళ్ళో రత్న, భీముడుల పెద్ద కూతురు బుద్రి అలాగే వెళ్ళింది. ఏడేళ్ళ పిల్ల. అప్పటిదాకా పొద్దస్తమానం చెల్లెలు బేబిని చంకనేసుకుని తిరిగేది. బుద్రి బడికి పోయింది, చంకలోది ఇంట్లో మిగిలిపోయింది. అందర్నీ చేర్పించినందుకు మా ఆయనకి మండలంలో ప్రశంసాపత్రం ఇచ్చారు. అద్దం కట్టించి ముందుగదిలో పెట్టుకున్నారు. చిన్నపిల్లలేమయ్యారో అందులో రాయలేదు.

చిన్నపిల్లలు గుంజలకి వెళ్ళారు. ఇది మా వైపు కొత్తేమీ కాదు. పాత చీర పేలికలు పేని, మెత్తటి తాడు చేసి, బిడ్డ నడుముకి ఒక చివర, ఇంటి నడిమి గుంజకి ఒక చివర కట్టి పనికి పోతారు. నాలుగు మూరలు. పొయ్యి అందకూడదు, గడప దాటకూడదు, అంబలి గిన్నె మాత్రం చేతికి రావాలి. రత్న ఆ తాడు కట్టేటప్పుడు చూశాను. కట్టి, బిడ్డని నాలుగు వైపులా లాగి చూసి, మళ్ళీ విప్పి, వేలెడు తగ్గించి కట్టింది. నా కేంద్రంలో ఏ పనీ నేనంత జాగ్రత్తగా చెయ్యలేదు. అయినా ఆ రోజు నేను ఆమెకి నీతులు చెప్పాను.

చెప్పకుండా ఉండలేకపోయాను. నా కూతురు జీవితని పసితనంలో మా అత్తగారు మంచం కోడుకి కట్టేది. “నీ ఉద్దోగం నువ్వు సేసుకో, నీ గుంటని నీను కాయలేను,” అనేది. నేను ఊరి పిల్లలకి అన్నం తినిపించి ఇంటికొచ్చేసరికి నా పిల్ల నడుము చుట్టూ ఎర్రగా కంది ఉండేది. ఎవరితో చెప్పుకోను? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆ కసినంతా పట్టుకెళ్ళి రత్న ముందు పెట్టాను.

“పశువా ఏటి రత్నా కట్టడానికి? నా దగ్గరికి పంపు. లిస్టులో లేకపోతే మానె. నేను చూసుకుంటాను,” అన్నాను.

“టీచరమ్మా, గెడ్డ ఉంది, పొయ్యి ఉంది. తాడు ఇప్పీసి పోతే నాకు పని సాగదు,” అంది రత్న.

“గెడ్డ నువ్వే దాటించి నా అరుగు మీద దింపీసి పో. ఆపైన నాది పూచీ.”

నాది పూచీ అన్నాను. ఆ మాట నాదే.

దసరా సెలవులు అయ్యాక రత్న బేబిని తెచ్చింది. ఇంకో ఇద్దరు తల్లులు కూడా వాళ్ళ పిల్లల్ని తెచ్చి దింపేవారు. తెల్లారగానే దింపి కొండెక్కేవారు. నేను ఇంటి చాకిరీ ముగించుకుని, అత్తగారికి వేడినీళ్ళు తోడి, మేస్టారికి కేరేజీ సర్ది వెళ్ళేసరికి ఎనిమిది. కాసేపు పిల్లలు అరుగు మీదే కూర్చునేవారు. రోజూ అంతే, ఏమీ కాలేదు.

మొదటి రోజు బేబిని గదిలో వదిలితే అయిదారు అడుగులు వేసి ఆగిపోయింది. ముందు బొమ్మల చార్టు ఉంది, చేతికి అందదు. చెయ్యి చాపి నిలబడిందే కానీ ఇంకో అడుగు వెయ్యలేదు. అటు తిరిగింది, మళ్ళీ అంతే దూరం, మళ్ళీ ఆగింది. నడుముకి తాడు లేదు. పిల్ల మాత్రం ఆ నాలుగు మూరల్లోనే తిరుగుతోంది. నేను వంట వదిలేసి కింద కూర్చుని ఏడ్చాను. జీవిత కూడా అలాగే చేసేది, అది నాకొక్కదానికే తెలుసు.

తర్వాత రోజూ అదే పని పెట్టుకున్నాను. ఒక శనగ గింజ చేతిలో పట్టుకుని, “రా బేబీ, ఇంకొక్క అడుగు,” అంటూ వెనక్కి జరిగేదాన్ని. పది రోజులకి గోడ తాకింది. ఇంకో వారానికి గడప దాటి అరుగు మీదికి వచ్చింది. అరుగు మెట్లు దిగిన రోజు వెనక్కి తిరిగి నన్ను చూసి ఎంత గట్టిగా నవ్విందని! ఆ నవ్వు చూస్తే నాకు ఎవరి ప్రశంసాపత్రమూ అక్కర్లేదనిపించింది. నేనిన్నాళ్ళూ చేస్తున్నది ముడ్లు కడగడం కాదని ఆ రోజు నమ్మకం కుదిరింది.

నవంబరు పద్నాలుగున మండల కేంద్రంలో బాలల దినోత్సవం. కార్యకర్తలందరూ యూనిఫాం చీరల్లో రావాలి, పొద్దున్నే జీపు వస్తుంది, రాకపోతే సంజాయిషీ. ఆ కబురు ముందురోజు సాయంత్రం, పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయాక వచ్చింది. ఎగువ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి రేపు కేంద్రం ఉండదని చెప్పాను. దిగువకి వెళ్దామంటే అత్తగారికి జ్వరం, పొయ్యి మీద జావ. ఆ సాయంత్రమే దిగువలో ప్రార్థన కూడిక ఉంది, మా ఆయన వెళ్తున్నారు.

“ఏమండీ, రత్నకి చెప్పండి, రేపు పిల్లల్ని తేవొద్దని. మర్చిపోకండి.”

“సెప్తాన్లే.”

దిగువలో గంటసేపు ప్రార్థన చేశారట. పసిపిల్లల కోసం ప్రత్యేకంగా చేశారట. ఆ ఒక్క మాట చెప్పడం మర్చిపోయారు. నా పని గురించిన మాట కదా, ఆయన మనసులో దానికి అంత చోటు లేదు.

మర్నాడు మండలంలో వేదిక మీద పిల్లల హక్కుల గురించి మాట్లాడుతున్నారు. మేం మెడలు నొప్పెట్టేలా తలెత్తి వింటున్నాం, చెప్పినప్పుడల్లా చప్పట్లు కొడుతున్నాం. ఇక్కడ రత్న ఎప్పట్లాగే బేబిని అరుగు మీద దింపి, “టీచరమ్మ బేగి వచ్చెస్తాది,” అని చెప్పి కొండెక్కింది. మిగతా ఇద్దరు పిల్లలూ తాళం వేసిన తలుపు దగ్గరే కూర్చున్నారు, కూర్చుని నిద్రపోయారు. బేబి మెట్లు దిగింది. అమ్మ కోసం ఇంటి దారి పట్టింది. మధ్యాహ్నం మేకలు తోలుకొచ్చిన సుక్రు తాతకి గెడ్డలో రాళ్ళ మధ్య కనిపించింది.

నేను జీపు దిగేసరికి చాపలో చుట్టేశారు. రత్న నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతిలో ఆ పేలికల తాడు పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, “తాడుంటే నా గుంట ఉండును గదా టీచరమ్మా,” అంది. అడిగినట్టు కాదు, తెలిసిన మాట చెప్పినట్టు చెప్పింది. అవును, ఉండును.

సూపర్‌వైజర్ నూకరత్నం గారు మొన్న వచ్చారు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పారు. “ఆ గుంట నీ లిస్టులో నేదు, దేవుడు నీ పక్కనున్నాడు. పరిధి కాదని ఒక కాయితం రాసిచ్చీ. నేకపోతే నిన్ను తీసీస్తారు. ఆపైన నా మీదికొస్తాది.” ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. ఆవిడకీ ఇద్దరు ఆడపిల్లలు.

“నిలబడి ఏటి సేత్తన్నావు?” అన్నారు మా ఆయన. “ఆకలేస్తంది.”

“మీరు చెప్తానన్నారు,” అన్నాను.

ఆయన ఖాళీ కంచం ముందుకి లాక్కున్నారు. “మర్చిపోనాను. మనిషన్నాక మర్చిపోడా?” అన్నారు. తర్వాత గొంతు పెంచారు. “నువ్వు నిజం రాస్తే ఏటవుద్ది? నిన్ను తీసీస్తారు. కొత్తదాన్ని వేసేదాకా కేంద్రం మూసీస్తారు. ఈ ఊరి గుంటలు కూడా తాళ్ళకే. అది కావాలా నీకు?”

లోపల్నుంచి అత్తగారు, “పోయింది దేవుడి సిత్తం. ఉన్నదాన్ని పాడు సేసుకోకు,” అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. నిన్న దిగువకి వెళ్ళాను. ఏడుగురు పిల్లలు ఏడు గుంజలకి ఉన్నారు. నన్ను చూసి ఒక తల్లి గబుక్కున తాడు మీద గోనెపట్టా కప్పింది. నేను చూడనట్టే వచ్చేశాను. విప్పమని చెప్పే నోరు నాకిక లేదు. ఎప్పటికైనా వస్తుందని కూడా అనుకోవడం లేదు.

కానీ ఈ కాగితం వెళ్తే బేబి ఎక్కడా లేదు. దిగువ ఊరికి కేంద్రం ఎందుకియ్యాలని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆ ఏడుగురి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చనిపోయిన ఒక్క పిల్ల ఉంది. ఆ ఒక్కదాన్నీ నా సంతకంతో నేనే తుడిచెయ్యాలి. ఆరేళ్ళు నిండేదాకా ఈ కొండల్లో పిల్లలు ఎవరి లెక్కలోకీ రారు. ఆరు నిండకుండానే పోయినవాళ్ళు అసలు పుట్టనట్టే.

ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను. ఆ బల్ల దగ్గర నేను కూర్చోవడం ఇదే మొదటిసారి. వడ్డించడానికి నిలబడటమే అలవాటు. కాగితం వెనక్కి తిప్పాను. నా దస్తూరీ బాగుండదు.

బేబి నా కేంద్రం పిల్ల అని రాశాను. నెల రోజులు వచ్చింది. లిస్టులో పేరు లేకపోయినా నేనే రమ్మన్నాను. ఆ రోజు కేంద్రానికి తాళం వేసి ఉంది. నేను బాలల దినోత్సవంలో చప్పట్లు కొడుతున్నాను. దిగువ పనసపుట్టులో ఇంకా ఏడుగురున్నారు అని రాసి, వాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ రాశాను.

“సుజానా, ఏటి రాస్తన్నావు? అన్నం సల్లారిపోతంది,” అన్నారు మా ఆయన. ఈసారి గొంతులో భయం ఉంది.

నేను సంతకం పెట్టాను. పెట్టాక అది సరిపోలేదనిపించి, దాని కింద ఇంకొక్క వాక్యం రాశాను.

నాలుగు మూరలు దాటి నడవడం ఆ పిల్లకి నేర్పింది నేనే.