తన కొలతకు తగ్గ సైకిల్

బాల్కనీలో ట్రెడ్‌మిల్ మీద ఆరిన బట్టలు తీసి మడతపెడుతోంది ఆమె. ఆ ట్రెడ్‌మిల్ భర్తది. పొట్ట కరిగించి తీరతానని పంతం పట్టి కొన్నాడు. మూణ్ణాళ్ల ముచ్చట తీరాక అది బట్టలారేసే దండెంగా స్థిరపడిపోయింది. దాన్ని అక్కణ్ణుంచి తీసేద్దామని మాత్రం ఇంట్లో ఎవరూ అనరు. ఆయన ఎప్పటికైనా మళ్లీ పరిగెత్తొచ్చు కదా మరి!

"సైకిలేగా, దానికింత ఆలోచనేంటి?" అన్నాడు భర్త సోఫాలోంచి, ఫోన్‌లోంచి తలెత్తకుండా. "ఒక్కటే కొను. షాపుకీ అదే, నీ ఆదివారం పోటీలకీ అదే. మీడియం సైజు తీసుకో, అప్పుడప్పుడూ నేనూ తొక్కొచ్చు."

"వెనకాల క్యారియర్ పెట్టించమ్మా. వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చెయ్యొచ్చు" అన్నారు అత్తగారు.

ఆమె తన జీతంతో తాను కొనుక్కోబోయే సైకిల్‌కి, కొనకముందే ఇంట్లో పంపకాలు అయిపోయాయి.

ఇప్పుడు తొక్కుతున్నది మరిది వదిలేసి వెళ్లింది. ఆమెకు బాగా పెద్దది. సిగ్నల్ దగ్గర ఆగితే కాలు నేలకందదు, ఫుట్‌పాత్ వెతుక్కుని ఒరగాలి. ఎక్కువ దూరం తొక్కితే మెడ, మణికట్లు లాగేస్తాయి. హెల్మెట్టూ మరిదిదే, లోపల చేతిరుమాలు కుక్కితే తప్ప తలమీద నిలవదు. రెయిన్‌కోటు భర్త పాతది. వంటగట్టు అత్తగారి ఎత్తుకు కట్టించింది, ఆవిడ పొడగరి. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె దానిముందు పీటేసుకుని నిలబడే వండుతోంది. పోనీ వీళ్లేమైనా చెడ్డవాళ్లా అంటే, అబ్బే, కానే కారు. చెడ్డవాళ్లయితే ఓసారి గట్టిగా పోట్లాడి ఊరుకునేది. ఉన్నదాంతో సర్దుకుపోతుందిలే అని ఆమె మీద వాళ్లకు గట్టి నమ్మకం, అంతే. పగలంతా ఆమె పనిచేసే కళ్లద్దాల షాపులో ముక్కూ మొహం తెలియనివాళ్ల ముక్కులూ మొహాలూ కొలిచి, చెవి వెనక ఎక్కడా నొక్కకుండా అద్దాలు అమర్చి పంపుతుంది. "హెల్మెట్ కింద నలిగిన ఆ జుట్టుతో కౌంటర్లో నిలబడకమ్మా, మర్యాదస్తులొచ్చే చోటు" అంటాడు ఓనరు. అందుకని వెనకగదిలో చిన్న అద్దం ముందు తడి చేత్తో జుట్టు అణుచుకుని, ముందుకొచ్చి నవ్వుతుంది.

పోయినసారి పోటీలో ఆ పెద్ద సైకిల్‌తోనే వంద కిలోమీటర్లు పూర్తిచేసింది. మెడలో పతకం వేసినమ్మాయి, "మీవాళ్లెక్కడండీ? పిలవండి, ఫొటో దిగుదురుగాని" అంది. "వస్తున్నారు" అనేసింది ఆమె. అనేశాక ఏం చేస్తుంది, గేటువైపు చూస్తూ నిలబడింది. ఆ అమ్మాయి ఇంకొకరి దగ్గరికి వెళ్లేదాకా, రానివాళ్ల కోసం ఎదురుచూస్తున్నట్టు నటించింది. ఇంటికొస్తే అత్తగారు "గెలిచావా?" అని అడిగారు. "ఇది గెలిచేది కాదత్తయ్యా, పూర్తిచేసేది." "గెలవనిదానికి అంత దూరం పోవడం దేనికీ?" అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు.

సైకిళ్ల షాపు నడిపేది ఒక నడివయసావిడ. రేసు సైకిల్ చూపించి, "ఇది గాలిలా పోతుంది. కానీ మడ్‌గార్డులు పట్టవు, వానలో మీ చీర బురదే" అంది. బరువైనదొకటి చూపించి తనే పెదవి విరిచింది. చివరికి మూడోది బయటికి లాగింది. హ్యాండిల్ మరీ కిందికి ఉండదు, టైర్లు కాస్త వెడల్పు. "రెండిటికీ ఇదొక్కటి చాలు. వారమంతా మడ్‌గార్డులతో షాపుకెళ్లండి, ఆదివారం అవి విప్పేసి పోటీకెళ్లండి." తర్వాత టేపు తీసి ఆమె కాలి పొడవు, చేతి పొడవు కొలిచింది. ఎప్పుడూ కొలిచే మనిషి కొలిపించుకుంటుంటే ఆమెకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీది స్మాల్. ఇంట్లో ఇంకెవరైనా తొక్కుతారా? తొక్కేట్టయితే మీడియం ఇచ్చి సీటు దించుతాను. మీరే కాస్త సర్దుకోవాలి."

సర్దుకోవాలి.

"ఎవరూ తొక్కరండీ" అంది. అబద్ధం చెప్తున్నానని బెదురుతూ అంది గానీ, అన్నాక తెలిసింది అది నిజమని. ఎవరూ రారు. ఏ ఆదివారమూ ఆమె పక్కన ఎవరూ తొక్కలేదు. ఇన్నాళ్లూ ఒక్కతే పోతూ, ఇంకెవరికో సరిపోయే సైకిల్‌ని ఈడ్చుకుపోయింది. ఏడుపొచ్చింది, షాపులో ఏం ఏడుస్తాం అని దిగమింగుకుంది. షాపు ముందు ఓ చుట్టు తొక్కి బ్రేకు వేసి సీటు ముందుకు దిగితే, రెండు పాదాలూ పూర్తిగా నేలమీద ఆనాయి. కాసేపు అలాగే నిలబడింది.

సాయంత్రం ఇంట్లో భర్త ఎక్కి చూశాడు. మోకాళ్లు హ్యాండిల్‌కి తగిలాయి.

"ఇదేంటి, నాకు చిన్నదైందే! మారుస్తారేమో కనుక్కో."

"మార్చనండీ. అది నా కొలత."

"క్యారియర్ ఏదమ్మా?" అన్నారు అత్తగారు. "అయినా ఎక్కడ పెడతావు దీన్ని? చోటెక్కడుందీ ఇంట్లో?"

ఆమె బాల్కనీలోకి వెళ్లి, ట్రెడ్‌మిల్ మీది బట్టలన్నీ రెండు చేతులా ఎత్తుకొచ్చి, సోఫాలో కూర్చున్న భర్త ఒళ్లో పోసింది. "మడతపెట్టండి" అంది. ఆయన నోరు తెరిచేలోగా మళ్లీ వెళ్లింది.

"అది కదలదు, చాలా బరువు!" అని అరిచాడు లోపల్నుంచి.

ఒక కొస పట్టి ఎత్తింది. అడుగున రెండు చిన్న చక్రాలున్నాయి. ఇన్నేళ్లలో వంగి చూసినవాళ్లు లేరు. గదిలోకి దొర్లించి, మంచానికి ఆయన పడుకునే వైపు నిలబెట్టి వచ్చింది. ఖాళీ అయిన చోట సైకిల్ పెట్టి, బాల్కనీ తలుపు దగ్గరగా వేసి, దాని పక్కన నేలమీద చతికిలపడింది. పక్కన మనిషెవరూ లేరు, అయినా ఈసారి గేటువైపు చూడాలనిపించలేదు. లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపిస్తోంది, "మడత అలా కాదురా! ఏమ్మా, కాస్త వచ్చి చూపించు."

ఆమె లేవలేదు.