నోరు తిరగని పేరు

బెంగాల్లో మా రైల్వే వర్క్‌షాపు ఫుట్‌బాల్ టీమ్‌కి కోచ్‌ని నేనే. ప్రతి మ్యాచ్‌కి ముందు బోర్డు మీద సుద్దముక్కతో ఆటగాళ్ళ పేర్లు రాస్తాను. ఈసారి గోల్‌కీపర్‌గా మిజోరం నుంచి వచ్చిన కొత్త ఫిట్టర్‌ని తీసుకున్నాం. పేరు లాల్‌రింపుయా. నేను మాత్రం 'చైనా' అని రాశాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు గానీ, మాతో టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలోని మా క్వార్టర్‌కి వచ్చి చెబితే, మా ఆవిడ అప్పలనర్సమ్మ గరిటె పట్టుకుని మీదికొచ్చింది.

"అంత పొడుగు పేరైతే నేనేటి సెయ్యను? నోరు తిరగలేదు," అన్నాను.

"ఝపటాపూర్ బజార్లో సేపలమ్మే బెంగాలీ ముసలోడు నన్ను 'అప్పలనర్సమ్మ దీదీ' అని నిండుగా పిలుస్తాడు. ఆడికి తిరిగిన నోరు నీకు తిరగదేటి?"

ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పినందుకే మండింది.

మర్నాడు గెడ్డం గీసుకుంటూ ఆ పేరు పదిసార్లు పలికాను. రెండుచోట్ల గాట్లు పడ్డాయి గానీ, పేరు నోటికొచ్చింది. గ్రౌండ్‌కి ముందే వెళ్ళి, బోర్డు తుడిచి, లాల్‌రింపుయా అని రాశాను. అతను రాగానే తప్పయిపోయిందని అందరి ముందే చెప్పాను.

అతను బోర్డు వైపు కాసేపు చూసి, "ఠీక్ హై, గణపతిరావు దాదా," అని గ్లవ్స్ తొడుక్కున్నాడు.

ముప్పై ఏళ్ళుగా ఈ వర్క్‌షాపులో అందరికీ నేను 'మద్రాసీ దాదా'నే. నా పేరు ఇక్కడ ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి.