ఒరిజినల్స్

మంగళవారం ఉదయం పది గంటలకు సిద్దిపేటలోని ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి పిల్లలు తల్లిదండ్రుల ముందు ఇంగ్లిష్ చదివారు. నేర్పింది వినీత. ఊరు నంగునూరు.

ఆమె ప్రభుత్వ టీచరు పోస్టుకు ఎంపికైంది. ఆ రోజే సాయంత్రం ఐదులోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. అవి స్కూలు బీరువాలో ఉన్నాయి. టీచర్లు చేరేటప్పుడే ఒరిజినల్స్ తీసి పెట్టుకోవడం అక్కడి పద్ధతి. పిల్లలు బాగా చదివితే ఇస్తానని కరస్పాండెంట్ లక్ష్మీరాజం సోమవారం చెప్పాడు.

వినీత పిల్లలకు ‘త్రీ’ పలకడం నేర్పింది. నాలుక కొన పళ్ల మధ్య పెట్టి గాలి వదలాలి. నోటి ముందు కాగితం ముక్క పట్టించి, అది కదిలితేనే ఒప్పుకునేది.

“నాలుక తెగితే ఎట్ల టీచర్?” అని సాత్విక అడిగింది.

“తెగదు. అన్నం తింటే తెగుతుందా?”

“మా తమ్మునికి తెగింది.”

మంగళవారం ఎవరూ తప్పు పలకలేదు. తల్లిదండ్రులు ఫోన్లలో వీడియో తీసుకున్నారు. సాత్విక తండ్రి వెంకటేశ్ లేచాడు.

“ఈ మేడం ఉంటది గద సార్? పోతే మేం గూడ వేరే స్కూలు చూసుకుంటం.”

“ఏడికి పోతది? మా మేడమే,” అన్నాడు లక్ష్మీరాజం.

అందరూ వెళ్లాక వినీత ఆఫీసు గదికి వెళ్లింది.

“సార్, సర్టిఫికెట్లు.”

“ఇన్నరు గద మేడం, వాళ్లేమన్నరో. ఏప్రిల్ల తీస్కపోండ్రి.”

“అప్పటిదాక పోస్టు ఉండది సార్. పిల్లలు మంచిగ చదివితే ఇస్తనన్నరు.”

“మంచిగ నేర్పిన్రు గనుకనే అంటున్న. ఆగమాగం నేర్పితే పొద్దుగాల్నే ఇచ్చి పంపుదును.”

అతను గదికి తాళం వేసి కారెక్కాడు. తర్వాత వినీత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

వినీత జిరాక్స్ కాపీలు తీసుకుని సర్టిఫికెట్ల పరిశీలన కేంద్రానికి ఆటోలో వెళ్లింది.

“ఒరిజినల్స్ ఏవమ్మా?” అన్నాడు కౌంటరు దగ్గరి ఉద్యోగి.

“స్కూల్ల ఉన్నయి సార్. ఇస్తలేరు.”

“గవి లేకుంటే నేనేం చెయ్యలేను బిడ్డా. ఐదింటి దాక ఈడనే ఉంట, తెచ్చుకో.”

ఆమె స్కూలుకు తిరిగి వచ్చింది. ఆఫీసు గది తెరవలేదు. ఆయా దుర్గవ్వ కుర్చీ తెచ్చి వేసింది. వినీత కూర్చోలేదు.

ఐదు గంటలకు పరిశీలన ముగిసింది.

బుధవారం ఉదయం వినీత రెండో తరగతి హాజరు పిలిచింది.