అందరూ దండం పెట్టిన లారీ

నరసింగరావు శ్రీకాకుళం తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కు. సర్కారు ఉద్యోగి వ్యాపారం చెయ్యకూడదు కనక, లారీ కొన్నది ఆయనే అయినా దాని ఓనరు మాత్రం ఆయన భార్య నీలవేణి. ఆ లారీ ఏ వైపు నుంచి ఎక్కాలో కూడా ఆవిడకి తెలీదు. ఆయన మాత్రం ఆఫీసు వదలగానే పంచె మార్చుకుని, డ్రైవరు అసిరయ్య పక్కన కూర్చుని, ఓనరుగారి తరఫున ఊరంతా తిరిగొచ్చేవాడు.

1968 చలికాలంలో ఆ లారీకి విశాఖపట్నం నుంచి కొత్త హెడ్‌లైట్లు తెప్పించాడు. పాత లైట్లు వేస్తే, వెలిగాయో లేదో కిందికి దిగి చూసుకోవలసి వచ్చేది. కొత్తవి వేస్తే చెట్టు మీద కాకులు తెల్లారిందనుకుని లేచేవి. ఇంటికి చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు లైట్ల సంగతి వచ్చేది. పట్టపగలు వచ్చినవాళ్ళని చీకటి పడేదాకా కదలనిచ్చేవాడు కాదు.

"ఊరు మనల్ని గౌరవిస్తన్నాదే" అన్నాడు ఒక సాయంత్రం భార్యతో. "నిన్నమొన్నటిదాకా పలకరించినోడు లేడు. ఇప్పుడు మన లారీ ఎదరొస్తే సాలు, బండోళ్ళు, సైకిలోళ్ళు, ఆఖరికి బస్సు డ్రైవరు కూడా నుదుటి మీద సెయ్యెట్టి దండం పెడతన్నారు. నానూ తిరిగి పెడతన్నాను. మర్యాద కదేటి."

"బస్సు డ్రైవరు ఏటో అరుస్తన్నాడంట కదా?"

"ఇంజిను సప్పుడులో ఇనపడలేదు. బాగోగులు అడుగుతన్నాడేమో."

ఆ మర్యాద మర్నాటికి బ్రేకు ఇన్‌స్పెక్టరు జగన్నాధం దాకా వెళ్ళింది. ఆయన మోటారు సైకిలు మీద ఎదురొస్తూ, చెయ్యి నుదుటి మీద పెట్టుకుని, అలాగే తిన్నగా గోగు చేలోకి వెళ్ళిపోయాడు. నరసింగరావు ప్రతినమస్కారం పూర్తి చేశాక గాని లారీ ఆపించలేదు.

జగన్నాధం ఒంటినిండా బురదతో రోడ్డెక్కాడు. "ఈ లారీ ఓనరెవరు?"

"మా ఆవిడండి."

"అయితే ఆవిడకే చెప్పండి. రేపు సందెవేళ ఆమదాలవలస రోడ్డులో కల్వర్టు దగ్గర నిలబడతాను. ఇదే లారీ, ఇవే లైట్లతో నాకెదురు రావాలి. కళ్ళు తెరుచుకుని నిలబడగలిగానా, సరే. చెయ్యి అడ్డం పెట్టుకోవలసి వచ్చిందా, అక్కడికక్కడే వీటిని పీకించి పాతవి పెట్టిస్తాను."

పాతవి! నరసింగరావుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. పాతపట్నం నుంచి గరివిడి దాకా ఉన్న చుట్టాలందరికీ ఆ లైట్ల గురించి కార్డులు రాసి ఉన్నాడు. అన్నిటికన్నా పెద్ద బాధ, ఎదురింట్లోనే ఉన్న బావమరిది చినబాబు. చినబాబు ఒక విషయానికి నవ్వడం మొదలుపెడితే పెళ్ళిళ్ళలోనూ తద్దినాల్లోనూ కూడా ఆపడు.

మర్నాడు పొద్దు వాలుతుండగానే లారీని చినబాబు ఇంటి గోడకి ఎదురుగా నిలబెట్టారు. కొత్తగా సున్నం వేసిన గోడ. అసిరయ్య లైట్లు వేశాడు. వెలుగు గోడ దాటి, కిటికీలోంచి దూరి, పకోడీలు తింటున్న చినబాబు మొహమ్మీద పడింది.

"బావా! నా కళ్ళు పోనాయి!" అంటూ చినబాబు పకోడీల పళ్ళెంతోసహా బయటికొచ్చాడు. వీధి వీధంతా వచ్చింది. అందరూ లారీల గురించి పుట్టినప్పటినుంచీ తెలిసినవాళ్ళలాగే మాట్లాడారు.

"పసుపు గుడ్డ కట్టీరా."

"బంకమట్టి పూసీండి."

"అసలు లైట్లు ఆర్పేసి ఎల్తే ఏ గొడవా ఉండదు కదా?"

"ఎలుగు తగ్గించుకోడానికా ఇన్నాళ్ళూ కాసుక్కూకొని కొన్నాను?" అని నరసింగరావు గోలపెట్టాడు.

అప్పుడు ఓనరు గుమ్మంలోకి వచ్చింది. "అరసవల్లి గుళ్ళో ఎండ ఎక్కడ పడతాది? సామి కాళ్ళ మీద. మొకం మీద పడతాదేటి? తగ్గించొద్దు, దించండి. ఎదరోడి కాళ్ళ మీద పడితే సాలు."

వీధిలో అందరూ తామూ అదే అనబోతున్నామన్నారు.

చినబాబుని గోడకి ఆనించి నిలబెట్టారు. అసిరయ్య లైట్ల స్క్రూలు తిప్పుతుంటే వెలుగు చినబాబు మొహం దిగింది. మీసం దిగింది. పొట్ట దగ్గర కొంచెం సేపు ఆగింది, అక్కడ దూరం ఎక్కువ. "ఇంకా! ఇంకా దించు!" అని జనం కేకలు. మోకాళ్ళు దాటి పాదాల మీద పడగానే ఎవరో హారతి పళ్ళెం కోసం పరిగెత్తారు.

"పదండి కల్వర్టుకి!" అన్నాడు నరసింగరావు.

ఆ మాట అసిరయ్యతో అన్నది. కాని ఖాళీ లారీ ఊరు దాటుతోందంటే ఆ వీధిలో ఊరుకునేవాళ్ళు లేరు. అందరికంటే ముందు నరసింగరావు అప్ప దాలమ్మ ఎక్కింది. ఆవిణ్ణి ఎక్కించడానికి పట్టిన మనుషులు కూడా ఎలాగూ పట్టాం కదా అని ఎక్కేశారు. పీటలెక్కాయి, మరచెంబులెక్కాయి, పకోడీలెక్కాయి. నీలవేణి మొదటిసారి తన లారీలో ముందు కూర్చుంది.

ఊరు దాటారు. చీకటి ముసురుకుంటోంది. ఎదురుగా వచ్చిన బండివాడు నుదుటి మీద చెయ్యి పెట్టాడు. నరసింగరావు హుషారుగా తిరిగి దండం పెట్టాడు. వెనకాలే సైకిలు మీద వచ్చినవాడూ పెట్టాడు. నరసింగరావు చెయ్యి సగంలో ఆగిపోయింది.

"అసిరయ్యా, ఆపరా! దండం పెడతన్నార్రా!"

"ఎనకాల జనం ఎక్కినారు కదా బాబూ. తోక దిగింది, ముట్టి లెగిసింది" అన్నాడు అసిరయ్య బండి ఆపుతూ.

కల్వర్టు ఆ మలుపు అవతలే. నరసింగరావు వెనక్కి పరిగెత్తాడు. "దిగండి! అందరూ దిగిపోండి!"

"నా ఒక్కదాని బరువుకే లెగిసిపోనాదేటిరా తమ్ముడూ?" అంది దాలమ్మ. "అదిగో, ఆ మూల కూకున్నోళ్ళని దిగమను. నాను పొద్దుట్నుంచి ఒక్క అట్టే తిన్నాను."

మూలన కూర్చున్నవాళ్ళు తమ ఒంట్లో నెత్తురే లేదని డాక్టరు చెప్పాడన్నారు. ఎవరు సన్నమో తేలేలోగా తెల్లారిపోయేలా ఉంది.

"ఈళ్ళని దింపడం కన్నా లైట్లు దింపడం సుళువు" అంది నీలవేణి ముందునుంచి. "ఒరే సినబాబూ, ఎల్లి నిలబడరా."

చినబాబు గంజిపెట్టిన పంచెతో మళ్ళీ సామి అయ్యాడు. అసిరయ్య మళ్ళీ స్క్రూలు తిప్పాడు. మోకాళ్ళు, పిక్కలు, పాదాలు. "కదలకండి, ఎవులూ కదలకండి! దాలప్పా, ఆ పకోడీ అవతలోళ్ళకి అందియ్యకు, బరువు మారిపోతాది!" అని అరిచాడు నరసింగరావు.

లారీ మలుపు తిరిగింది. కల్వర్టు దగ్గర జగన్నాధం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. వెలుగు రోడ్డు వెంట పాక్కుంటూ వెళ్ళి ఆయన బూట్ల మీద ఎక్కి, అక్కడే ఉండిపోయింది. ఆయన కుడిచెయ్యి ముందుకొచ్చింది. పైకి లేచింది. "అయిపోనాదిరా" అన్నాడు నరసింగరావు.

ఆ చెయ్యి మెడ మీద దోమని కొట్టి కిందికి దిగింది. లారీ దగ్గరికొచ్చి ఆగేదాకా మళ్ళీ లేవలేదు.

"బాగుంది. పాసు" అన్నాడు జగన్నాధం.

లారీలో పెట్టిన కేకలకి పొలాల్లో కుక్కలు బదులిచ్చాయి. అందాకా దిగమంటే దిగనివాళ్ళంతా సంతోషం పట్టలేక ఒక్కసారి కిందికి దూకారు. తోక లేచింది, ముట్టి దిగింది, వెలుగు వచ్చి లారీ కాళ్ళ దగ్గరే పడింది.

జగన్నాధం కిందికి చూశాడు. "ఇదేమిటండీ? ఖాళీగా వెళ్ళేటప్పుడు దారెలా కనిపిస్తుంది?"

"ఖాళీగా ఎల్లదండి" అన్నాడు నరసింగరావు. "మా సుట్టాలుండగా."

"ఎందుకైనా మంచిది, ఖాళీగా వెళ్ళిన రోజు కొంచెం ఎత్తించుకోండి. బరువెక్కితే మళ్ళీ దించుకోండి" అని ఆయన ముందు సీటు వైపు తిరిగి, రెండు చేతులూ జోడించాడు. "నమస్కారమమ్మా. లారీ మీదే కదా."

తిరుగు దారిలో అందరూ మళ్ళీ ఎక్కారు, దాలమ్మతో సహా. ఎదురొచ్చిన బళ్ళవాళ్ళు కళ్ళు తెరుచుకుని, దారి చూసుకుంటూ, తమ మానాన తాము పోయారు. నరసింగరావు చెయ్యి సిద్ధంగా పెట్టుకుని చాలా దూరం చూశాడు.

"ఒక్కడూ దండం పెట్టడం లేదేటే" అన్నాడు చివరికి, నీరసంగా.

"నాకెట్టినాడు కదా ఒకడు" అంది ఓనరు.