బియ్యం డబ్బా కింది పెట్టె

తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కేటప్పుడు హుస్సేన్ మనసులో ఉన్న ధర నలభై ఐదు వేలు. ఏలూరులో దిగేటప్పుడూ అంతే. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే మనిషి పుట్టుదొంగేం కాడు. మోయిన్ ఇంటి గడప తొక్కేదాకా అతను కట్టిన ధర న్యాయమైనదే.

కొనబోయేవి మూడు మిషన్లు. కోత మిషనొకటి, చిత్రిక పట్టే మిషనొకటి, అంచులకి డిజైను కొట్టే రౌటరొకటి. మూడూ జర్మనీవి. మోయిన్ పన్నెండేళ్ళు సౌదీలో వడ్రంగం చేసి, వచ్చేటప్పుడు బంగారం బదులు ఇవి మోసుకొచ్చాడు. వీధిలో వాళ్ళంతా నవ్వారు. హుస్సేన్ నవ్వలేదు, కుళ్ళుకున్నాడు. కొత్తవి కొనాలంటే లక్షకి పైమాటే. బాగా చూసుకున్న పాత మాలుకి అందులో సగమివ్వాలి. అరుగుదలకీ తరుగుదలకీ ఇంకో ఐదు వేలు తీసేస్తే నలభై ఐదు.

మోయిన్, హుస్సేన్ ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నారు. గూడెంలో నరసింహమూర్తి గారంటే ఉలి చప్పుడు విని చెక్క పేరు చెప్పే మనిషి. ఆయన దగ్గర ఒక కట్టుబాటుండేది. వాడిన పనిముట్టు అమ్మేటప్పుడు అది అమ్మేవాడి చేతిలోంచే కొనేవాడి చేతిలోకి రావాలి. "నేల మీంచి తీసుకుంటే కొన్నట్టు కాదురా, ఎత్తుకుపోయినట్టు" అనేవాడు. శిష్యులిద్దరూ ఆ మాట ఎన్నడూ దాటలేదు.

ఆ మోయిన్‌కి ఊరొచ్చిన మూడో నెలలోనే పక్షవాతం కొట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పూటలో పోయాయి. మనిషికి తెలివుంది, చూపుంది, అన్నీ తెలుస్తాయి. ఏదీ చెప్పలేడు, రాయలేడు.

హుస్సేన్ సంగతీ ఏమంత బాగోలేదు. అతనిది పడవల పని. కొల్లేట్లో చేపల చెరువులున్నన్నాళ్ళూ మేత పడవలకి కలిదిండి దాకా గిరాకీయే. నిరుడు సర్కారువాళ్ళు ఆ చెరువుల గట్లు కొట్టేశారు. గట్లతో పాటు హుస్సేన్ కూడు కూడా కొట్టుకుపోయింది. ఏడాదిగా మంచాలకి కోళ్ళు మార్చుకుంటూ బతుకుతున్నాడు. ఇన్నాళ్ళకి గూడెంలో బట్టల వ్యాపారి శ్రీరంగనాయకులు కొత్త షోరూముకి తలుపులూ అరలూ కౌంటర్లూ చేయమన్నాడు. గడువు ఎనిమిది వారాలు.

"మిషను ఫినిషింగు కావాలండి. ఉలీ సుత్తీ పట్టుకొచ్చేవాళ్ళయితే నాకొద్దండి," అన్నాడు వ్యాపారి.

"మిషన్లున్నాయండి," అని బొంకేసి అడ్వాన్సు పుచ్చుకున్నాడు హుస్సేన్.

అదీ ఆ పూట అతను మోయిన్ ఇంటికి వచ్చిన కారణం.

మోయిన్ భార్య మహమూదా ఎదురొచ్చి కుర్చీ వేసింది. "రండి అన్నయ్యగారూ. మీరే వచ్చి ధర కట్టాలని ఎవరినీ రానివ్వలేదండి. మాకేం తెలుసు చెప్పండి. మీరెంతంటే అంత."

వెనక షెడ్డు అద్దెకిచ్చేశారట. అందులోని సామానంతా ఉన్న ఒక్క గదిలోకే చేరింది. మంచం మీద మోయిన్, గోడ వారన మిషన్లు, కుట్టు మిషను, మూల బియ్యం డబ్బా. హుస్సేన్ కూర్చుని రూపాయి బిళ్ళతో కోత మిషను మూత విప్పి లోపలి మోటారు కార్బన్ ముక్కలు చూశాడు. సగం కూడా అరగలేదు. రంపం చక్రాన్ని వేలితో తిప్పితే చప్పుడే లేదు. అడుగు రేకు మీద స్కేలు పెట్టి వెలుతురుకెత్తి చూశాడు, వెంట్రుకవాసి వంపు లేదు. సౌదీలో పన్నెండేళ్ళు వాడాడట, ఏం చేతులురా నీవి మోయినూ అనుకున్నాడు. మంచం మీది మనిషి అతన్నే చూస్తున్నాడు. ఎడమ పెదవి కొస కొంచెం లేచింది. నవ్వుతున్నాడు.

"వట్లూరులో గది చూసుకున్నానండి," అంటోంది మహమూదా. "కాలేజీ పిల్లలంతా అటే కదండీ, డ్రెస్సులు కుట్టడానికి. అడ్వాన్సు ముప్ఫై వేలు. నెలాఖరులోగా కట్టాలన్నారు." ఆగి, చీర కొంగు సర్దుకుని అడిగింది. "అన్నయ్యగారూ, ఒక మాట. పాత సామాన్ల అహరోను మొన్నొచ్చి చూశాడు. ఇవి సౌదీ కరెంటువి, మన కరెంటుకి పెడితే కాలిపోతాయన్నాడు. నిజమేనాండీ?"

నిజమే. అక్కడి కరెంటు మన దానిలో సగం. నేరుగా ప్లగ్గు పెడితే పొగే. కానీ మధ్యలో కరెంటు తగ్గించే పెట్టె ఒకటి పెడితే హాయిగా ఆడతాయి. ఆ పెట్టెనీ మోయిన్ సౌదీ నుంచే తెచ్చాడు. ఊరొచ్చిన కొత్తలో షెడ్డులో దానికి తగిలించి హుస్సేన్‌కి కోత మిషను ఆడించి చూపించాడు కూడా. హుస్సేన్ కళ్ళు గదంతా వెతికాయి. మూల ఉన్న బియ్యం డబ్బా కింద, ఎత్తు కోసం పెట్టిన నీలం రంగు ఇనప పెట్టె. అదే. సామాను మోసినవాళ్ళు ఎక్కడ పడేశారో అక్కడే ఉంది. అదేమిటో ఆవిడకి తెలియదు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. అదిగో ఆ పెట్టెతో ఆడతాయమ్మా అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో శ్రీరంగనాయకులు గుర్తొచ్చాడు, చెక్క కొనడానికి చేతిలో పైసా మిగలదని గుర్తొచ్చింది, ఏడాదిగా ఇంట్లో ఉడుకుతున్న పలచటి పప్పు గుర్తొచ్చింది. పాపానికి సాకులు పిలవకుండానే వస్తాయి కాబోలు.

"నిజమేనమ్మా," అన్నాడు.

మహమూదా మొహం వాడిపోయింది. "అయితే ఇనుముకే అన్నమాట."

"అలా అనకమ్మా. నేనున్నాను కదా. విడి భాగాలకి పనికొస్తాయి. పదిహేను వేలిస్తాను."

మంచం కిర్రుమంది. మోయిన్ లేవబోయాడు. గొంతులోంచి ఏదో వచ్చింది గానీ మాట కాలేదు. ఎడమ చెయ్యెత్తి మూలకి చూపించాడు. బియ్యం డబ్బా వైపు, దాని కిందకి, మళ్ళీ మిషన్ల వైపు. మెడ నరాలు ఉబ్బాయి.

"అన్నం వేళయిందండీ, ఆకలేస్తోంది పాపం," అంది మహమూదా. "ఉండండి, పెడతానండీ. అన్నయ్యగారితో మాట్లాడనివ్వండి."

హుస్సేన్ తల తిప్పుకున్నాడు. స్నేహితుడి చూపు వీపు మీద కొరివిలా కాలుతుంటే జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టాడు. ఛీ, లెక్కలో ఒక్క నోటు కూడా తప్పలేదు.

"ఇరవై అయినా రావాండీ?" అని నెమ్మదిగా అడిగింది మహమూదా.

"వేరేవాళ్ళయితే ఇదీ ఇవ్వరమ్మా."

"మీరబద్ధం చెబుతారాండీ. అలాగే కానివ్వండి." డబ్బు కళ్ళకద్దుకుంది. "మీ పద్ధతి ఒకటుంది కదండీ, చేత్తో ఇవ్వాలని. ఈయనెప్పుడూ చెప్పేవారు." కోత మిషనెత్తి మంచం మీద భర్త పక్కన పెట్టింది. "ఏవండీ, అన్నయ్యగారికివ్వండి."

మోయిన్ ఎడమ చెయ్యి పిడికిలి బిగించి పొట్టకి అదుముకున్నాడు. ఇవ్వనని అంతకంటే ఎలా చెబుతాడు?

"బాధపడుతున్నారండీ," అంది మహమూదా కళ్ళు తుడుచుకుంటూ. పడిపోయిన కుడి చేతిని తనే ఎత్తి మిషను పిడి మీద వేసి, తన చెయ్యి దన్నుగా పెట్టి, ముందుకి చాపింది. జీవం లేని చెయ్యి, వేళ్ళు వేలాడుతున్నాయి. హుస్సేన్ రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. చిత్రిక మిషనూ అంతే, రౌటరూ అంతే.

వారం తిరక్కుండా విజయవాడ వెళ్ళి ఆరు వేలు పోసి అలాంటి పెట్టే కొనుక్కొచ్చాడు. మోయిన్ పెట్టె అడుగుదామా అని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు గానీ ఆ కళ్ళ ముందుకి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. మిషన్లు వెన్నలో తీగలా కోశాయి. షోరూం తలుపులు చూసి శ్రీరంగనాయకులు వంద సార్లు తలాడించి మరో ఇరవై వేలు అడ్వాన్సిచ్చాడు. ఇంట్లో పప్పు చిక్కబడింది. తినేటప్పుడు మాత్రం ఎవరో తలుపు కొట్టినట్టు ఉలిక్కిపడేవాడు.

ఆరో వారంలో ఒక పొద్దున తన షెడ్డులో టేకు పలక కోస్తుంటే గుమ్మంలో స్టేషను రిక్షా ఆగింది. మహమూదా దిగింది. రిక్షా అతను సాయం పట్టి మోయిన్‌ని దింపాడు, తర్వాత నీలం పెట్టె మోసుకొచ్చి లోపల పెట్టి బయటికెళ్ళాడు.

హుస్సేన్ మిషను ఆపాడు.

"మీకే తెచ్చామండీ అన్నయ్యగారూ," అంది మహమూదా నవ్వుతూ. "మీరెళ్ళినప్పటి నుంచీ ఈయన బియ్యం డబ్బాకేసే చూపిస్తున్నారండి. అన్నం కాబోలనుకున్నాను. పెడితే తినరు. మొన్న డబ్బా కడుగుదామని పక్కకి తీశానండి, ఈ పెట్టె మీద చెయ్యేసి ఒకటే ఏడుపు. గోడ వైపు, మిషన్లుండే చోటికీ, ఆ తర్వాత బయటికీ చూపించారు. అప్పుడర్థమైంది. ఇదీ మీకే ఇవ్వమంటున్నారని. మా మీద జాలిపడి పనికిరానివి కొన్నారు కదండీ, ఇదైనా ఊరికే ఇద్దామని."

"వట్లూరు గది..." అన్నాడు హుస్సేన్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"చాల్లేదు కదండీ. వేరేవాళ్ళు తీసేసుకున్నారు. వరండాలోనే జాకెట్లు కుడుతున్నాను."

ఆవిడ కళ్ళు అప్పుడు పడ్డాయి, బల్ల మీది మిషను మీద. దాని కింద తాజా రంపపు పొట్టు. "అరె, ఆడుతోందాండీ ఇది? బాగు చేయించారా? పోన్లెండి, మీకు నష్టం రాలేదు."

హుస్సేన్ తలూపాడు. దేవుడా, అక్కడితో వదిలిపెట్టేసినా బాగుండేది.

మోయిన్ వదల్లేదు. గోడ పట్టుకుని కాలీడ్చుకుంటూ బల్ల దగ్గరికొచ్చాడు. మిషను తీగ ఎక్కడికి పోతోందో చూశాడు. బల్ల కింద హుస్సేన్ కొన్న పెట్టె, అచ్చం అలాంటిదే. ఎడం చేత్తో ప్లగ్గు పీకేశాడు. వంగి, దాన్ని తన నీలం పెట్టెకి గుచ్చాడు. నీలం పెట్టె తీగ తీసి భార్య చేతిలో పెట్టి గోడకున్న స్విచ్చు బోర్డు చూపించాడు.

"ఇక్కడ పెట్టమంటారాండీ?" అని ఆవిడ పెట్టింది.

మోయిన్ మిషను నొక్కాడు. షెడ్డంతా గుంయ్‌మంది. వదిలాడు. మళ్ళీ నొక్కాడు. భార్య మొహంలోకే చూస్తూ మూడోసారి కూడా నొక్కి వదిలాడు.

మహమూదా నీలం పెట్టెని చూసింది. బల్ల కింది పెట్టెని చూసింది.

"ఇదుంటే ఆడతాయాండీ?"

"ఆడతాయమ్మా."

"ఆవేళ కూడా ఆడేవేనాండీ?"

హుస్సేన్ గబగబా లోపలికెళ్ళి శ్రీరంగనాయకులిచ్చిన అడ్వాన్సు కట్ట తెచ్చాడు. "ఇరవై ఉంది, ఉంచమ్మా. తక్కిన పదీ పని అవగానే ఇచ్చేస్తాను. ఈ పెట్టెకి కూడా వేరే ధర కడతాను."

"మీరే కడతారాండీ?" అంది మహమూదా.

గొంతు పెంచలేదు. తిట్టలేదు. తిడితే కాళ్ళ మీద పడేవాడేమో. ఆవిడ డబ్బు ముట్టుకోకుండా గోడ దగ్గరకెళ్ళి తీగ ఊడదీసి చక్కగా చుట్టలు చుట్టింది. "వద్దండి హుస్సేన్ గారూ. ఇది అమ్మం. బియ్యం డబ్బా పెట్టుకోవాలి."

పాతికేళ్ళ అన్నయ్యగారు అక్కడితో పోయాడు. ఆ పిలుపు మళ్ళీ రాదని హుస్సేన్‌కి తెలిసిపోయింది.

రిక్షా అతను వచ్చి పెట్టె ఎత్తుకున్నాడు. మోయిన్ ఇంకా బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎడం చేత్తో కోత మిషను పిడి పట్టుకుని ఎత్తాడు. బరువుకి భుజం వణికింది. హుస్సేన్ ఆశగా ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు. పడిపోని చేత్తో ఒక్కసారి ఇస్తే చాలు, తక్కినదంతా ఎలాగోలా తీర్చుకుంటాననుకున్నాడు.

మోయిన్ ఆ చేతుల్ని చూశాడు. మెల్లగా వంగి, మిషనుకి దెబ్బ తగలకుండా, జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. భార్య భుజం పట్టుకుని బయటికి నడిచాడు.

రిక్షా వీధి మలుపు తిరిగింది. హుస్సేన్ అలాగే నిలబడ్డాడు. మిషను రంపపు పొట్టులో పడి ఉంది. షోరూం తలుపులింకా నాలుగు మిగిలాయి, గడువు రెండు వారాలుంది. కాసేపటికి అతను వంగి దాన్ని నేల మీంచి తీసుకున్నాడు.